తిననివాళ్ళ మధ్యాహ్నం

బందరు వెళ్ళే బస్సు రోడ్డు మలుపులో హారను కొట్టగానే మణెమ్మ చేతిలో మిగిలిన నారుని బురదలో గుచ్చి నడుం ఎత్తింది. ఆమె ఎత్తితేనే మిగతా పన్నెండుమందీ ఎత్తుతారు. ముఠాకి ఆమే పెద్ద. బురదలోంచి కాళ్ళు ఒక్కొక్కటే పీక్కుంటూ అందరూ గట్టెక్కారు. బోదెలో చేతులు కడుక్కున్నారు. సత్తుగిన్నెల మూతలు తెరుచుకున్నాయి.

కంకిపాడు అవతల సుబ్బరత్నంగారి చేలో ఊడ్పులు మొదలై నాలుగు రోజులైంది. బస్సు వెళ్ళిన దగ్గర్నుంచి ఒక గంట ఆడవాళ్ళది. తినడానికి పావుగంట చాలు. మిగిలిన ముప్పావుగంటా నడుం కోసమే. పొద్దున ఆరింటికి వంగిన నడుం గట్టు మీద ఆనిస్తే ఎముకలు ఒక్కొక్కటే వాటి చోటుకి వెళ్ళి కూర్చుంటున్నట్టు ఉంటుంది. ఆ గంట లేకపోతే మధ్యాహ్నం నుంచి నాటేది చేతులు కాదు, మొండితనం.

మణెమ్మ కోడలు జీవరత్నం రెండు ముద్దలు తిని, ఎడంవైపుకి తిరిగి పడుకుంది. ఏడో నెల. పాదాలు వాచి, వేళ్ళ సందులు నాని తెల్లబడ్డాయి.

కుల్సుం గిన్నె తెచ్చుకోలేదు. ఆమెకి రంజాను నెల. కొంగు మొహం మీదికి లాక్కుని కాస్త దూరంగా ఒరిగింది.

ముసలి ఆదెమ్మ గోంగూర నంజుకుంటూ అడిగింది. "ఒసే కుల్సుం, ఉమ్ము కూడా మింగకూడదంటగా మీరు?"

"ఉమ్ము మింగితే ఏంకాదు పెద్దమ్మా. నీళ్ళు తాగకూడదు."

"ఈ ఎండలో నీళ్ళు వద్దన్నాడా మీ దేవుడు! మా ఏసయ్యే నయం. ఒక్కపొద్దున్నా నీళ్ళు తాగనిస్తాడు."

కొంగు కింద నుంచే కుల్సుం అంది. "మా దేవుడు తెల్లారుజామునే లేపి, అన్నం పెట్టి మరీ ఉండమంటాడు. మీకు పొద్దున్నే ఏం పెడతాడు?"

"ఏం పెడతాడే, పాట పెడతాడు!"

అందరూ నవ్వారు. జీవరత్నం కూడా పొట్ట పట్టుకుని నవ్వింది.

మణెమ్మ మనసు మాత్రం మర్నాటి మీద ఉంది. నిరుటి గాలివానకి చర్చి కప్పు లేచిపోయింది. కొత్త కప్పు కోసం శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు కృపానందం అయ్యగారు. సాయంత్రం నాలుగున్నరకి. పని అయిదింటిదాకా ఉంటుంది.

"రేపు మనం ఎలాగూ తినం" అంది మణెమ్మ. "తిననప్పుడు గట్టెక్కి చేసేదేముంది? ఈ గంట కూడా నాటేసి, నాలుగింటికే ఎల్దాం. అమ్మగార్ని అడుగుతా."

మంచి ఆలోచన అన్నారు అందరూ. కుల్సుం మొహం మీద కొంగు తీసి, మోచేతి మీద లేచింది.

"వద్దక్కా. ఒక్కపొద్దున్న రోజే నడుం వాల్చాలి. తినకపోతే కూర్చోనక్కర్లేదని ఎవరన్నారు?"

"నీది నెల రోజులే తల్లీ, నీకు కావాలి. మాది ఒక్కరోజు."

"ఒక్కరోజని నువ్వంటావు. ఆవిడ అంటుందా?"

మణెమ్మ వినిపించుకోలేదు. చేతులు తుడుచుకుంటూ, గొడుగు కింద పేము కుర్చీలో కూర్చున్న సుబ్బరత్నం దగ్గరికి వెళ్ళింది. ఆవిడ అంతా విని, చేతి గడియారం వైపు చూసి, తల ఊపింది.

"దేవుడి పనికి నేనెందుకు అడ్డొస్తానే. అలాగే కానీండి."

శుక్రవారం ఎవరూ గిన్నెలు తేలేదు. ఉపవాసం ఉన్నట్టు పైకి కనబడకూడదని, తలకి నూనె రాసుకుని మొహం కడుక్కుని మామూలుగా ఉండమని అయ్యగారు చెప్పారు. అందుకని పదమూడు తలల్లో పన్నెండు నున్నగా మెరుస్తున్నాయి. మునుం పట్టినప్పుడు కుల్సుం జీవరత్నం పక్క వరసలో వంగింది. పొద్దు రెండు బారలు ఎక్కేసరికి జీవరత్నం మూడుసార్లు ఆగింది.

"నువ్వు కూడా ఉన్నావా?" కుల్సుం గొంతు తగ్గించి అడిగింది.

"ఉన్నా పిన్నీ. బిడ్డ కోసమని అత్తమ్మ ఉండమంది."

"మా వాళ్ళలో కడుపుతో ఉన్నదాన్ని ఉండమనరు. పురుడు పోసుకుని, పాలు మాన్పించాక ఎప్పుడో తీర్చుకుంటారు."

"మాకు అట్లాంటి కట్టుబాట్లేం లేవు పిన్నీ. ఎవరికి ఎంత తోస్తే అంత."

"లేకపోతే ఇంకా మంచిది. మానెయ్. కాసిని మజ్జిగ తాగు."

జీవరత్నం అత్త వైపు చూసింది. మణెమ్మకి ఆ మాటలు వినబడ్డాయి. వినబడనట్టు నారు కట్ట విప్పి, ముందుకి వేసుకుంది.

బస్సు హారను మోగింది. కుల్సుం ఒక్కతే అలవాటుగా నడుం ఎత్తింది. గట్టు వైపు చూసింది. ఎవరూ లేవకపోయేసరికి మళ్ళీ వంగింది.

సుబ్బరత్నం ఆరోజు ఆలస్యంగా వచ్చింది. కాళ్ళకి పసుపు రాసుకుని ఉంది. "శ్రావణ శుక్రవారం కదే, నేనూ పూజయ్యేదాకా ఏమీ ముట్టలేదు. అందరం ఒకటే ఇవాళ" అంటూ కుర్చీలో కూర్చుంది. పాలేరు ఆవిడకి కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చాడు.

నాలుగింటికి మణెమ్మ గట్టెక్కింది.

"ఎల్తామమ్మగారూ."

"ఎక్కడికే? ఆ మూల మడి చూడు. పీకిన నారు అంతా అక్కడే ఉంది. రేపటికి వాడిపోతే మీ అయ్యగారు వచ్చి పచ్చబరుస్తాడా?"

"నాలుగింటికి పొమ్మన్నారుగా అమ్మగారూ. అన్నం గంట కూడా నాటాంగా."

"పొమ్మన్నాను. పనయ్యాక పొమ్మన్నాను. మడి నాటకుండా పొమ్మన్నానా?"

మణెమ్మ మళ్ళీ మడిలోకి దిగింది. వాళ్ళు మళ్ళీ గట్టెక్కేసరికి అయిదుంపావు.

చర్చి గోడల మీద తాటాకు పందిరి వేసి ఉంది. ప్రార్థన ముగింపుకొచ్చింది. బురద కాళ్ళతో, తడి చీరలతో వాళ్ళు వెనక నిలబడితే కృపానందంగారు కళ్ళు తెరిచి చూశారు. "దేవుడి సన్నిధికి వేళకి రాలేనివాళ్ళ ఉపవాసం వట్టి ఆకలే అవుతుంది" అన్నారు. ముందు వరసలో ఎవరో ఆమెన్ అన్నారు.

ఉపవాసం విరమించడానికి సంఘపెద్దలు బన్నులూ టీ తెప్పించారు. వెనక వరస దాకా వచ్చేసరికి బుట్ట ఖాళీ. టీ అరగ్లాసు చొప్పున మిగిలింది. మణెమ్మ తన అరగ్లాసు కోడలి గ్లాసులో పోసింది. జీవరత్నం గ్లాసుని రెండు చేతులా పట్టుకుంది. అయినా టీ సగం కింద ఒలికింది.

శనివారం బస్సు హారను మోగింది. మణెమ్మ నడుం ఎత్తింది. గట్టెక్కి, గిన్నె మూత తీసి మొదటి ముద్ద కలుపుతుండగా సుబ్బరత్నం గొడుగు వాళ్ళ మీదికి వచ్చింది.

"పది నిమిషాల్లో తినేసి దిగండి."

"గంట కదమ్మగారూ" అంది ఆదెమ్మ.

"నిన్న గంట ఏమైందే? నిన్న అన్నమే లేదు. దిగి బంగారంలా నాటారు. తిండి లేనప్పుడే అంత పని చేసినవాళ్ళకి కడుపు నిండాక గంట పడక దేనికి? అదుగో, ఆ తురకదాన్ని చూడండి. పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా వారం నుంచి నాటుతోంది. దానికి లేని అలుపు మీకెక్కడ్నుంచి వచ్చింది?"

కుల్సుం అప్పుడే గట్టు మీద ఒరగబోతోంది. ఆ మాటకి అలాగే కూర్చుండిపోయింది.

మణెమ్మ చేతిలో ముద్ద బిగుసుకుంది. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంది. నిన్న గంట నాలుగింటికి వెళ్ళడం కోసం ఇచ్చాం, మీరు పంపలేదు, అని. కానీ ఊడ్పుల కాలం. పక్క ఊరి ముఠాలు పని కోసం రోడ్డు మీద తిరుగుతున్నాయి. ముద్ద నోట్లో పెట్టుకుంది. పది నిమిషాలకి గడియారం చూసి "ఊ" అంది సుబ్బరత్నం. దిగారు.

దిగాక కోపం అంతా పక్క వరస మీద పడింది.

"నీ మూలాన్నే ఇదంతా" అంది ఆదెమ్మ కుల్సుంతో. "ఆవిడ కళ్ళ ముందు నెల రోజులు నీళ్ళు కూడా తాగకుండా తైతక్కలాడితే మా గతేంటి?"

"అంత భక్తి ఉన్నదానివి ఇంట్లో ఉండి చేసుకోరాదూ" అంది ఇంకొకామె.

కుల్సుం నాటుతూనే ఉంది. ఆమె మణెమ్మ వైపు ఒక్కసారి చూసింది. నేను ముందే చెప్పాగా అన్న చూపు. ఆ చూపు మణెమ్మకి మండుకొచ్చింది.

"ఏంటే చూస్తావు? మాకు కన్నీళ్ళు, నీకు పుణ్యం. రేపట్నుంచి నీ ఒక్కపొద్దు నీ ఇంట్లో పెట్టుకుని రా."

కుల్సుం నారు మొక్కని మామూలుకంటే లోతుగా గుచ్చింది. నీళ్ళు చింది ఇద్దరి మొహాల మీదా పడ్డాయి.

మూడింటికి జీవరత్నం వరసలోంచి పక్కకి ఒరిగింది. కూర్చుంటోంది అనుకున్నారు. బురదలో పడిపోయింది. మణెమ్మ కంటే ముందు కుల్సుం చేరుకుంది. ఇద్దరూ చెరో రెక్కా పట్టి గట్టు మీదికి చేర్చారు. కుల్సుం ఆ పిల్ల అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, బురద చేతులతోనే గట్టిగా రుద్దింది. ఆమె పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. రుద్దీ రుద్దీ ఆమెకే ఊపిరి అందడం లేదు.

"ఇంటికి తీసుకెళ్ళవే" అంది సుబ్బరత్నం కుర్చీలోంచి. "ఏడో నెల దాన్ని పనికి ఎవరు తెమ్మన్నారు?"

కంకిపాడు ఆస్పత్రిలో నర్సమ్మ పొట్ట తడిమి చూసి, మణెమ్మని బయటికి పిలిచి తిట్టింది. "పని మానిపించలేనంటావు. సరే. మధ్యాహ్నం పూట గంటసేపైనా ఎడంవైపుకి పడుకోబెట్టు. అది కూడా చేయలేకపోతే బిడ్డ దక్కలేదేమని నన్ను అడక్కు."

అదే గంట. వేరే గంట ఏదీ లేదు వాళ్ళకి.

ఆదివారం ఆరాధన అయ్యాక మణెమ్మ అయ్యగారి ఇంటికి వెళ్ళింది. కృపానందంగారు భోంచేసి, పెరట్లో చెయ్యి కడుక్కుంటున్నారు. ఆమె మెట్టు కింద నిలబడి అంతా చెప్పింది. ఒక్కమాట సుబ్బరత్నంగారితో మీరు చెబితే వింటారండీ, అంది.

ఆయన తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు.

"మణెమ్మా, మీకొక మంచి వార్త చెప్పాలని అనుకుంటున్నా. చర్చికి కావాల్సిన రేకులన్నీ సుబ్బరత్నంగారు ఇస్తానన్నారు. నిన్న సాయంత్రమే కబురొచ్చింది. చూశావా, శుక్రవారం ఉపవాసం ఉన్నారు, శనివారం దేవుడు ఇచ్చాడు."

మణెమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"దేవుడిచ్చాడా అయ్యగారూ, మా గంట ఇచ్చిందా?"

"తప్పు. అలా మాట్లాడకూడదు. ఇలాంటి సమయంలో నేను వెళ్ళి పని విషయం ఎత్తితే ఏం బాగుంటుంది? ఓర్చుకోవాలి. ఊడ్పులెన్నాళ్ళు, ఇంకో వారం."

"ఆ వారంలో నా కోడలు గట్టు మీద పడుకోవాలండి."

"ప్రార్థన చేస్తాను" అన్నారాయన.

ఆమె దణ్ణం పెట్టకుండా వెనుదిరిగింది. అది ఆమె కావాలని చేయలేదు. చేతులు లేవలేదు.

ఏం చేయాలో తోచక ఆ ఎండలోనే ఊరంతా తిరిగింది. సాయంత్రానికి ఆమెకి మిగిలిన దారి ఒక్కటే కనబడింది. కుల్సుం రేపు మధ్యాహ్నం సుబ్బరత్నం కళ్ళెదుట నీళ్ళు తాగాలి. ఆ తురకదాన్ని చూడండి అనడానికి ఆవిడకి ఇంక ఏమీ ఉండదు. ఎలాగూ వాళ్ళలో మాఫీలు ఉన్నాయట. తర్వాత తీర్చుకోవచ్చట.

కుల్సుం ఇల్లు కాలవ అవతల. ఆమె మొగుడు పీరు గొడుగులు బాగుచేస్తాడు. వానాకాలం కాబట్టి వాకిట్లో విరిగిన గొడుగులు కుప్పగా ఉన్నాయి. మణెమ్మని చూసి ఊచల కట్ట పక్కన పెట్టి లేచాడు.

"రా అక్కా. సరిగ్గా వేళకొచ్చావు."

చాప మీద నానేసిన శనగలూ, ఖర్జూరాలూ, చెంబుడు నీళ్ళూ ఉన్నాయి. కుల్సుం ఎదురుగా కూర్చుని ఉంది. పలకరించలేదు. పొమ్మనలేదు. మసీదు వైపు నుంచి పిలుపు వినబడింది. పీరు ఒక ఖర్జూరం తీసి ముందు మణెమ్మ చేతిలో పెట్టాడు.

"నేను ఒక్కపొద్దు లేను పీరూ."

"ఉండక్కర్లేదక్కా. గడపలోకి వచ్చినవాళ్ళకి పెట్టకుండా మేం తినం."

నోట్లో పెట్టుకుంది. శుక్రవారం ఖాళీ బుట్ట గుర్తుకొచ్చింది. కుల్సుం నీళ్ళు తాగుతోంది. గుక్క గుక్కకీ కళ్ళు మూసుకుని, చెంబు దించకుండా తాగింది.

"కోడలెట్లా ఉంది?" చెంబు దించి అడిగింది.

మణెమ్మ నర్సు మాట చెప్పింది. అయ్యగారి మాట చెప్పింది. తర్వాత తను వచ్చిన పని చెప్పింది. చెబుతున్నంతసేపూ చాప అంచు పీకుతూ ఉంది.

కుల్సుం చెంబుని పక్కకి జరిపింది. మాట్లాడినప్పుడు ఆమె గొంతు చేలో గొంతులా లేదు.

"నేను తాగొచ్చు. ఒంట్లో బాగోకపోతే, దూరం పోతుంటే, ప్రాణం మీదికొస్తే తాగమనే చెప్పారు. జీవరత్నం పడిపోయినప్పుడు నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అప్పుడు తాగితే నన్నెవరూ తప్పు పట్టరు. కానీ ఆవిడ చూడ్డానికి తాగమంటున్నావు నువ్వు."

"పిల్ల కోసం కుల్సుం."

"పిల్ల కోసం కాదు. ఆవిడ చూడాలని. మొన్న కూడా ఆవిడకేగా చెప్పారు మీరు? నూనె రాసుకున్నారు, మొహం కడుక్కున్నారు. ఎవరికీ తెలీకుండా దాచుకోవాల్సిన ఒక్కపొద్దుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చున్న దానికి చెప్పి బేరం పెట్టారు. మీది మీరు అమ్ముకున్నారు. ఇప్పుడు నాది కూడా అమ్మకానికి తెమ్మని వచ్చావు."

"కుల్సుం!" అన్నాడు పీరు.

"ఉండు. నిన్న అంతమందిలో నన్ను అన్నప్పుడు ఊరుకున్నా. నా ఇంట్లో కూడా ఊరుకోనా?" ఆమె మణెమ్మ వైపు తిరిగింది. "నేను తాగితే ఆవిడేం అంటుందో తెలుసా? దానికీ దాహం వేసిందా, సరే, తాగేసి దిగు అంటుంది. అంతే. గంట ఇవ్వదు."

మణెమ్మ లేచింది. కాలవ గట్టు మీద నడుస్తున్నంతసేపూ కుల్సుం మీద పళ్ళు నూరుకుంది. ఎంత పొగరు! ఎంత మాట! తూము దాటేసరికి ఆ కోపం నిలవడానికి చోటు లేక పక్కకి జారిపోయింది. అమ్ముకున్నారు అన్న మాట ఒక్కటి మిగిలింది. దాన్ని ఎటు తిప్పి చూసినా అది అబద్ధం కాలేదు.

సోమవారం మణెమ్మ తన గిన్నె ఇంట్లోనే వదిలేసింది. కోడలికి మాత్రం పెరుగన్నం కట్టింది. ఎందుకత్తా అని జీవరత్నం అడిగితే "ఆకలి లేదు" అంది. అయ్యగారికి చెప్పలేదు. ఆదెమ్మకి చెప్పలేదు. ఏ కప్పు కోసమూ మొక్కలేదు.

బస్సు హారను మోగింది. ఆమె నడుం ఎత్తింది. గట్టెక్కింది. కోడలు తినేదాకా చూసి, తువ్వాలు పరిచి ఎడంవైపుకి పడుకోబెట్టింది. తర్వాత తను పక్కనే, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కుల్సుం ఎప్పటిలా కాస్త దూరంలో నిలబడి, కూర్చోవాలా వద్దా అని చూస్తోంది.

"పడుకో" అంది మణెమ్మ. ఆమె మొహం వైపు చూడకుండా అంది.

కుల్సుం పడుకుంది.

పది నిమిషాలకి గొడుగు లేచి వచ్చింది. "ఊ. దిగండి."

కొందరు గిన్నెలు మూయబోయారు. మణెమ్మ కదల్లేదు.

"గంట అవ్వలేదమ్మగారూ."

"నీ గిన్నె ఏదే? తిన్నావా?"

"లేదండి."

"తిననిదానివి కూర్చోడం దేనికి?"

"తినడానికి కూర్చోలేదండి. కూర్చోడానికి కూర్చున్నా."

సుబ్బరత్నం మొహం ఎర్రబడింది. "ఏంటే, మళ్ళీ ఉపవాసమా? ఎవరి కోసం?"

"అది మీకు చెప్పేది కాదండి."

ఆ మాటకి ఆదెమ్మ మూస్తున్న గిన్నె మళ్ళీ తెరిచింది. ఒక్కొక్క మెతుకూ లెక్కపెడుతున్నట్టు తినసాగింది. పక్కనున్నామె కాళ్ళు చాచింది. ఇంకొకామె పడుకుంది.

"ఇవాళే పక్క ఊరి ముఠాని తెస్తాను! తెల్లారేసరికి మీ మొహాలు ఈ గట్టు మీద కనబడవు!"

"తెచ్చుకోండి. వాళ్ళకీ నడుములుంటాయి" అంది ఆదెమ్మ నోట్లో ముద్దతోనే.

పీకిన నారు కట్టలు మడిలో ఎండకి వాలుతున్నాయి. సుబ్బరత్నం వాటిని చూసింది. రోడ్డు వైపు చూసింది. ఏ ముఠా అయినా ఈ పూటకి రాదు. పాలేరుని అకారణంగా తిట్టి, కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. రేపు ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. మణెమ్మకీ తెలియదు. ఆదెమ్మ నీళ్ళ ముంత చాపింది.

"తాగవే. మనకి తాగొచ్చుగా."

మణెమ్మ ముంత అందుకుని, గట్టు మీద పడుకున్న కుల్సుం వైపు చూసి, అటు తిరిగి తాగింది.

పొద్దు గంట మేర వాలిందని చూసుకుని వాళ్ళే లేచారు. ఎవరూ ఊ అనలేదు. జీవరత్నం కళ్ళు నులుముకుంటూ లేచింది. ఈసారి ఆమె మొహంలో కాస్త రంగు ఉంది. ఆదెమ్మ వంగి కుల్సుం భుజం తట్టబోయింది. మణెమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

కుల్సుంకి నిద్ర పట్టేసింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పగిలిన పెదవుల మధ్య నుంచి సన్నగా గురక వస్తోంది. మొహం మీద కొంగు జారిపోయింది. మణెమ్మ దాన్ని మళ్ళీ కప్పింది.

"అదేంటే, అది దిగదా?" కుర్చీలోంచి కేక వచ్చింది.

మణెమ్మ అప్పటికే మడిలోకి దిగింది. తన చోట కాక రెండు వరసల మధ్య నిలబడి, కాళ్ళు ఎడంగా పెట్టి వంగింది. రెండు చేతుల్లోకీ నారు తీసుకుంది.

"గట్టిగా అరవకండమ్మగారూ" అంది తల ఎత్తకుండా. "దాని వరస నేను నాటుతున్నా."